టాటూకి ఎంత నొప్పి, ఎంత ఖర్చు: తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

టాటూ వేయించుకోవాలని మనసు పడినవాళ్లు మొదట అడిగేవి రెండే: బాగా నొప్పెడుతుందా, ఎంతవుతుంది? తెలిసినవాళ్లను అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఒకరు అసలేం తెలియలేదంటారు, ఇంకొకరు పళ్లు బిగబట్టి కూర్చున్నామంటారు. ఒకరికి రెండు వేలలో అయిపోతుంది, ఇంకొకరికి పదిహేను వేలు దాటుతుంది. అందరూ నిజమే చెబుతున్నారు. నొప్పి అయినా ఖర్చు అయినా ఆధారపడేది మూడింటి మీద: ఒంటి మీద ఎక్కడ, ఎంత సైజు, ఎంతసేపు. ఈ మూడూ ఇంట్లో కూర్చుని తేల్చుకుంటే, స్టూడియో మెట్లెక్కకముందే రెండు ప్రశ్నలకూ చాలావరకు జవాబు దొరుకుతుంది. తగ్గించుకోవాలంటే సైజు తగ్గించుకోండి, సూది శుభ్రత దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవాలని చూడకండి.

సూది చర్మంలో ఏం చేస్తుంది

టాటూ సూది ఇంజెక్షన్‌లా లోపలికి దిగదు. చర్మం పైపొర దాటి, దాని కిందున్న రెండో పొరలోకి సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతుకే వెళ్తుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతుంటుంది కాబట్టి రంగు అక్కడ పెడితే కొన్ని వారాల్లోనే పోతుంది. రెండో పొరలోని రక్షణ కణాలు ఆ రంగు రేణువులను మింగి అక్కడే పట్టి ఉంచుతాయి. పచ్చబొట్టు జీవితాంతం నిలవడానికి కారణం అదే. చెయ్యి తిరగని ఆర్టిస్టు అంతకంటే లోతుగా పొడిస్తే నొప్పీ రక్తమూ ఎక్కువవుతాయి, గీత చుట్టూ రంగు నీలంగా అలుక్కుపోతుంది. అంటే మీకు కలిగే నొప్పిలో కొంత భాగం ఆర్టిస్టు పనితనాన్ని బట్టే ఉంటుంది.

మెషీన్ సెకనుకు పదుల సార్లు పొడుస్తుంది కాబట్టి ఒక్కో పోటూ విడిగా తెలియదు. ఔట్‌లైన్ వేసేటప్పుడు, ఎండకు కమిలిన చర్మం మీద పిన్నీసు మొనతో గీసినట్టు సన్నగా, చురుగ్గా ఉంటుంది. షేడింగ్‌కి ఎక్కువ సూదులున్న వెడల్పు సెట్టు వాడతారు. అప్పుడు చురుకు తగ్గి మంట పెరుగుతుంది. చాలామంది ముందుగా ఊహించని నొప్పి ఇంకొకటుంది: తుడవడం. పైకి వచ్చిన ఇంకునూ రక్తపు చెమ్మనూ ఆర్టిస్టు సబ్బునీళ్లు చిలకరించి టిష్యూతో పదేపదే తుడుస్తారు. గంట దాటాక, అప్పటికే పచ్చిగా ఉన్న చర్మం మీద ఆ టిష్యూ తగిలితే సూది కంటే అదే ఎక్కువ అనిపిస్తుంది.

మన పల్లెల్లో జేజమ్మల ముంజేతుల మీద చూసే పచ్చబొట్లు మెషీన్‌తో వేసినవి కావు. ఎరుకల ఆడవాళ్లు ఇంటింటికీ వచ్చి సూదులతో చేత్తోనే పొడిచేవాళ్లు. దానితో పోలిస్తే ఇప్పటి పని చాలా త్వరగా అయిపోతుంది, గాయమూ చిన్నదే.

ఎక్కడ వేయించుకోవాలి

లెక్క సులువే. కండ, కొవ్వు దట్టంగా ఉన్నచోట నొప్పి తక్కువ. ఎముక మీద చర్మం పల్చగా ఉన్నచోట, మడతల్లో, నరాల కొసలు ఎక్కువున్న చోట ఎక్కువ. దండ (మోచేతికి పైభాగం) బయటివైపు, భుజం, ముంజేయి, తొడ బయటివైపు, పిక్క మొదటిసారి వేయించుకునేవాళ్లకు అనువైనవి. మణికట్టు, ఛాతీ, మెడ కాస్త కష్టం. పక్కటెముకలు, వెన్నెముక, చీలమండ, పాదం పైభాగం, మోచేతి మడత, మోకాలి వెనక, చంక దగ్గర, వేళ్లు నిజంగానే బాధపెట్టే చోట్లు. పక్కటెముకల మీద మెషీన్ అదురు ఎముకలోకి తెలుస్తుంది, పైగా ఊపిరి తీసిన ప్రతిసారీ ఆ చోటు కదులుతుంది. వేళ్ల మీద నొప్పి ఒక్కటే సమస్య కాదు. అక్కడి చర్మం త్వరగా అరిగిపోతుంది కాబట్టి రంగు నిలవదు, పోయినచోట రంగు దిద్దించుకునే టచప్‌కి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.

ఇక మన ఊరి విషయం. తిరుపతిలో స్వామి నామం, శంఖుచక్రాలు, గోవింద నామం వేయించుకోవాలనుకునేవాళ్లు ఎక్కువ. దేవుడికి సంబంధించినదేదీ నడుము కింద వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను. పిక్క మీద అయితే నొప్పి తక్కువే, కానీ ఇంట్లో పెద్దవాళ్ల కళ్లకు రోజూ కనబడుతుంది, వాళ్ల మనసు కష్టపడుతుంది. వైష్ణవ ఇళ్లలో సమాశ్రయణం అనే దీక్ష తీసుకునేటప్పుడు శంఖచక్రాల ముద్రలు వేసేది భుజాల దగ్గరే. నొప్పి లెక్కలో చూసినా ఒంట్లో బాగా ఓర్చుకోగల చోటు అదే. కాబట్టి ఆ బొమ్మకు భుజమే సరైన చోటు.

ఆర్మీకో, సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలకో ప్రిపేర్ అవుతున్న కుర్రాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఆర్మీ నిబంధనల ప్రకారం శాశ్వత టాటూ మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలివైపు, లేదా అరచేతి వెనకవైపు మాత్రమే ఉండొచ్చు. ఆచారం ప్రకారం వేయించుకునే గిరిజనులకు మినహాయింపు ఉంది. కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగాలకు ముంజేతి మీద అయితే ఎడమ చేతికే ఒప్పుకుంటారు, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చేత్తో. సైజు ఆ భాగంలో పావు వంతు దాటకూడదు. రెండు వేలు పెట్టి దండ మీద వేయించుకున్న టాటూ మెడికల్‌లో ఉద్యోగాన్నే పోగొడితే దాని అసలు ఖరీదు ఎంతో ఆలోచించుకోండి. నోటిఫికేషన్ చేతిలో పెట్టుకుని చదివాకే చోటు ఖాయం చేయండి.

తెలుగు అక్షరాలైతే ఇంకో జాగ్రత్త

ఇంగ్లిష్ అక్షరాలకు లేని చిక్కు మన అక్షరాలకు ఉంది. ‘అమ్మ’ అనే చిన్న మాటే తీసుకోండి. మ కింద వత్తు ఉంది, రెండింటి మధ్య సన్నటి ఖాళీ ఉంది, మ లోపల గుండ్రటి ఖాళీ ఉంది. చర్మంలో ఇంకు ఏళ్లు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా పరుచుకుంటుంది. అక్షరం మరీ చిన్నదైతే ఆ ఖాళీలన్నీ పూడుకుపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. అందుకని వత్తును పక్కనబెట్టి, అసలు అక్షరమే అర అంగుళం ఎత్తుకు తగ్గకుండా చూసుకోండి. డబ్బులు కలిసొస్తాయని తెలుగు అక్షరాన్ని కుదించవద్దు.

రెండో చిక్కు కంప్యూటర్‌ది. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు సరిగ్గా పడదు. ‘వేంకటేశ్వర’ అని కొడితే శ కింద వ వత్తు రావాల్సింది పోయి, శకి పొల్లు తగిలించి పక్కన వ వచ్చి కూర్చుంటుంది. చెన్నైలోనో బెంగళూరులోనో తెలుగు రాని ఆర్టిస్టు దాన్ని గుర్తుపట్టలేరు. మాటను మీరే చక్కగా టైప్ చేసి ప్రింట్ తీసుకెళ్లండి. స్టెన్సిల్ (వేయబోయే గీతల అచ్చు) చర్మం మీద అంటించాక ఒక్కో అక్షరం వేలు పెట్టి పైకి చదవండి. వెంట వచ్చినవాళ్లతోనూ చదివించండి. స్టెన్సిల్‌ను తుడిచేసి మళ్లీ అంటించడానికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు లెక్క ఎలా కట్టాలి

మన దగ్గర ఎక్కువగా చదరపు అంగుళం లెక్కన తీసుకుంటారు. చిన్న ఊళ్లలో అంగుళానికి కొన్ని వందలు ఉంటుంది, పెద్ద నగరంలో పేరున్న ఆర్టిస్టు దగ్గర వెయ్యి కూడా దాటుతుంది. బొమ్మ అసలు ఆకారాన్ని కాకుండా, అది పట్టే దీర్ఘచతురస్రాన్ని కొలుస్తారు. పొడవు నాలుగు అంగుళాలు, వెడల్పు మూడు అయితే 12 చదరపు అంగుళాలు. అంగుళం 500 చొప్పున 6,000 రూపాయలు. అదే బొమ్మను మూడు అంగుళాల పొడవుకు కుదిస్తే వెడల్పు రెండుంపావు అవుతుంది, మొత్తం ఏడు చదరపు అంగుళాల లోపే. ఖర్చు 3,375కి దిగుతుంది. ఒక్క అంగుళం పొడవు తగ్గిస్తే దాదాపు సగం డబ్బు మిగిలింది, కుర్చీలో కూర్చునే టైమూ బాగా తగ్గింది. ఇంట్లోనే పేపర్ మీద రెండు సైజుల్లో గీసి కత్తిరించి చేతి మీద పెట్టి చూసుకోండి. అద్దంలో చూస్తే ఏది నప్పుతుందో తెలిసిపోతుంది.

గోరంత బొమ్మకు వంద రూపాయలే అవుతుందని అనుకోవద్దు. బొమ్మ ఎంత చిన్నదైనా కొత్త సూది, ఇంక్ కప్పులు, గ్లోవ్స్, మెషీన్‌కి చుట్టే ప్లాస్టిక్, స్టెన్సిల్ అన్నీ కావాల్సిందే. అందుకే ఏ స్టూడియోలోనైనా మినిమం చార్జీ ఉంటుంది. పోర్ట్రెయిట్లు, చెయ్యంతా నిండే డిజైన్లు గంట లెక్కనో సిట్టింగ్ లెక్కనో ఉంటాయి. కలర్ వేస్తే, దట్టంగా షేడింగ్ చేస్తే రేటు పెరుగుతుంది. ఒక మాట: మన చామనఛాయ ఒంటికి పసుపు, తెలుపు, లేత గులాబీ లాంటి రంగులు మానాక సరిగ్గా కనబడవు. నలుపూ ముదురు రంగులే నిలుస్తాయి. కలర్‌కి ఎక్కువ పెట్టేముందు, మీ ఒంటి రంగున్న మనిషి మీద వేసిన టాటూ ఏడాది తర్వాత ఎలా ఉందో ఫొటో చూపించమనండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఫోన్‌లోనే ఇలా అడిగేయండి: “అన్నా, అంగుళం లెక్కా, పీస్ లెక్కా? మధ్యలో ఖాళీ ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుందా? మినిమం ఎంత? టచప్ ఫ్రీయేనా, ఎన్నాళ్లలోపు రావాలి? జీఎస్టీ కలిపేనా? ఆ రోజు రాలేకపోతే అడ్వాన్స్ పోతుందా?” సరిగ్గా పనిచేసే ఆర్టిస్టు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

అమ్మానాన్నల ముఖాలు వేయించుకోవాలంటే మాత్రం దగ్గర్లో ఎవరు చవక అని చూడొద్దు. ముఖాలు వేయడం వేరే విద్య. అందులోనే చెయ్యి తిరిగినవాళ్లు దొరకకపోతే ఆగండి. తిరుపతి నుంచి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, బెంగళూరు 250. పోయొచ్చే చార్జీలు, మధ్యలో తిండి, పనికి వెళ్లని రోజు కూలి, టచప్‌కి మళ్లీ ఒకసారి వెళ్లడం అన్నీ టాటూ ఖర్చులో కలపాల్సినవే. చిత్తూరు వాళ్లకు వెల్లూరు 35 కిలోమీటర్లే కాబట్టి అటు చూసినా తప్పులేదు.

నచ్చకపోతే తీయించుకోవచ్చులే అనుకునేవాళ్లకు ఒక నిజం చెప్పాలి. లేజర్‌తో తీయడం ఒక్కసారిలో అయ్యేది కాదు. కొన్ని వారాలు ఎడం ఇస్తూ చాలా సిట్టింగులు పడుతుంది, వేయించుకున్న దానికంటే ఎక్కువ ఖర్చవుతుంది, చాలామందికి నొప్పీ ఎక్కువే. ఆకుపచ్చ, నీలం రంగులు మొండివి. మన రంగు చర్మం మీద తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలే ప్రమాదమూ ఉంది. పాతదాన్ని కప్పేస్తూ కొత్తది వేయించాలంటే అది పాతదానికంటే పెద్దగా, ముదురుగా ఉండాలి, అంటే మళ్లీ అంగుళాల లెక్క మొదలు. లవర్ పేరు వేయించుకునేముందు ఆరు నెలలు ఆగమని నేను చెప్పేది ఇందుకే.

సూది దగ్గర రాజీ వద్దు

సూది కాట్రిడ్జ్ సీల్ చేసిన చిన్న ప్యాకెట్‌లో వస్తుంది. దాన్ని మీ కళ్ల ముందే చించమనండి. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, చదవండి. ఇంకును పెద్ద సీసాలోంచి చిన్న కప్పుల్లోకి మీకోసం విడిగా పోయాలి, మిగిలింది పారేయాలి. మళ్లీ వాడే స్టీలు సామాను ఏదైనా ఉంటే ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాలి, వేడినీళ్లలో ముంచి తీస్తే చాలదు. గ్లోవ్స్ వేసుకున్న చేత్తో మధ్యలో ఫోన్ ఎత్తితే, తిరిగి మిమ్మల్ని ముట్టుకునేముందు కొత్తవి తొడుక్కోవాలి. ఇదంతా చూడటం అనుమానించడం కాదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ రక్తం అంటిన సూది ద్వారా సోకుతాయి. హెపటైటిస్ బి కి టీకా ఉంది. ఆరు నెలల్లో మూడు డోసులు. వేయించుకోకపోతే టాటూ కంటే ముందు అది వేయించుకోండి.

మే నెలలో గంగమ్మ జాతర అంటే తిరుపతి మొత్తం పండగే. వేషాలు వేయండి, మొక్కులు తీర్చుకోండి. కానీ జాతరలోనో తిరునాళ్లలోనో చాప పరుచుకుని, బ్యాటరీ మెషీన్‌తో, అందరికీ ఒకే సూది, ఒకే ఇంకు సీసాతో వేసే పచ్చబొట్టు దగ్గర కూర్చోవద్దు. అక్కడ యాభై రూపాయలకు అయ్యే పనికి జీవితమంతా మందులు మింగాల్సి రావచ్చు.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలలు మంచివి కావు. చెమట, దుమ్ము, ఎండ మూడూ పచ్చి టాటూకి శత్రువులే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

కడుపు నిండా తిని వెళ్లండి. మన వైపు చాలా ఇళ్లలో శనివారం ఒక్కపొద్దు ఉంటారు. ఆ రోజు అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి. మా చిన్నమ్మ కొడుకు అలాగే ఖాళీ కడుపుతో కూర్చున్నాడు. నొప్పి ఏమంత లేదని నవ్వుతూనే ఉన్నాడు. కాసేపటికి మాట తగ్గింది, పెదాలు పాలిపోయాయి, ఏసీ గదిలో నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. ఆర్టిస్టు వెంటనే మెషీన్ ఆపి, కుర్చీ వెనక్కి వాల్చి కాళ్లు ఎత్తి పెట్టి, గ్లూకోజ్ నీళ్లు తాగించారు. పది నిమిషాల్లో తేరుకున్నాడు, నాలుగు ఇడ్లీలు తిని వచ్చి మిగతాది పూర్తి చేయించుకున్నాడు. టెన్షన్‌కు ఆకలి తోడైతే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ఇలా అవుతుంది. రాగి సంగటి లాంటిది తిని, నీళ్లు బాగా తాగి, బ్యాగులో ఒక జ్యూస్ ప్యాకెట్ పెట్టుకుంటే చాలు.

ముందురోజు మందు తాగొద్దు. ఆస్పిరిన్ లాంటి రక్తాన్ని పల్చబరిచే మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. కానీ గుండె కోసం డాక్టర్ రాసిన మాత్రను టాటూ కోసం మీ అంతట మీరు ఆపకూడదు, డాక్టర్‌నే అడగండి. షుగర్ అదుపులో లేనివాళ్లు, గాయం మానాక మచ్చ ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ తత్వం ఉన్నవాళ్లు కూడా ముందు డాక్టర్‌ని కలవాలి. గర్భిణులు ప్రసవం అయ్యేదాకా ఆగడమే మంచిది.

తిమ్మిరి క్రీముల గురించి చాలామంది అడుగుతారు. వీటిలో ఉండేది లిడోకైన్. రాసి, పైన ప్లాస్టిక్ కప్పి, గంట సేపు ఉంచితే పైచర్మం మొద్దుబారుతుంది. గంటో రెండు గంటలో పనిచేస్తుంది, ఆ తర్వాత నొప్పి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. డోసు ఎక్కువున్నవి, పెద్ద ఏరియాలో దట్టంగా రాసినవి రక్తంలోకి చేరితే గుండె లయ తప్పడం, ఫిట్స్ రావడం దాకా పోవచ్చు. 4 శాతం కంటే ఎక్కువ లిడోకైన్ ఉన్న ఇలాంటి క్రీములు కొనవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో హెచ్చరించింది. నా అభిప్రాయం అడిగితే ముంజేతి మీద చిన్న బొమ్మకు అసలు అవసరమే లేదు. పక్కటెముకల మీద పెద్దది వేయించుకుంటుంటే ఆర్టిస్టుకు ముందే చెప్పి, డాక్టర్ సలహాతో వాడండి.

కుర్చీలో కూర్చున్నాక

మొదటి పది నిమిషాలే అసలు కష్టం. ఆ తర్వాత ఒళ్లు సర్దుకుంటుంది, నొప్పి ఒక మోస్తరుగా స్థిరపడుతుంది. రెండు మూడు గంటలు దాటితే ఓపిక అయిపోయి మళ్లీ పెరుగుతుంది. అందుకే పెద్ద బొమ్మను రెండు సిట్టింగులుగా విడగొట్టించుకోవడం మంచిది. ఊపిరి బిగబట్టొద్దు, నెమ్మదిగా వదులుతుండండి. ఓర్చుకోలేనప్పుడు చెయ్యి లాగేయకుండా “అన్నా, ఒక్క నిమిషం” అనండి. లాగితే గీత పోతుంది, మాట అంటే ఏమీ పోదు. వెంట ఒక్కరు చాలు. ఐదుగురు ఫ్రెండ్స్ వచ్చి వీడియోలు తీస్తుంటే ఓర్చుకున్నట్టు నటించాల్సి వస్తుంది, అది ఇంకా అలుపు.

ఇంటికొచ్చాక

మొదటి రెండు మూడు రోజులు ఎండకు కమిలినట్టు వేడిగా, కాస్త వాచి ఉంటుంది. ఇంకు కలిసిన చెమ్మ ఊరుతుంది, పాత దుప్పటి వేసుకుని పడుకోండి. చేతులు కడుక్కుని, వాసన లేని మామూలు సబ్బుతో టాటూను మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టి, ఆర్టిస్టు చెప్పిన క్రీమ్ పల్చగా రాయండి. ఇంట్లో వద్దన్నా పసుపు, కొబ్బరినూనె తెచ్చి పూయబోతారు. ప్రేమగానే తెస్తారు, మీరూ ప్రేమగానే వద్దని చెప్పండి. వారం తిరిగేలోపు దురద మొదలై పొట్టు రాలుతుంది. గీకితే రంగు ఊడి వస్తుంది. దురద భరించలేకపోతే పైన అరచేత్తో మెల్లగా తట్టండి.

పైచర్మం మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా పుష్కరిణి స్నానం, కపిలతీర్థం జలపాతం, తలకోన ఈత అన్నీ ఆపేయాలి. కాలి మీద టాటూ ఉంటే అలిపిరి నడకదారి కూడా వద్దు. 3,550 మెట్లు ఎక్కేసరికి చెమట, రాపిడి, వాపు అన్నీ కలిసి గాయాన్ని రేపుతాయి. కొండకు నడిచొస్తానని మొక్కుంటే మొక్కు తీర్చుకుని వచ్చాకే టాటూ వేయించుకోండి.

మూడో రోజు తర్వాత ఎరుపు, వేడి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చీము పడితే, జ్వరం వస్తే, టాటూ నుంచి ఎర్రటి చార పైకి పాకుతుంటే మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ అడగడం కాదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఓపీ ఉంది, టాటూ వేయించుకున్నానని దాచకుండా చెప్పండి. రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు టాటూ తర్వాత ఏడాది పాటు ఆగాలి, కాబట్టి క్యాంపు దగ్గర్లో ఉంటే ముందు రక్తం ఇచ్చి, కొన్నాళ్లాగి స్టూడియోకి వెళ్లండి.

నెలో నెలన్నరో గడిచాక వెలుతురులో చూసుకోండి. ఎక్కడైనా గీత తెగినా రంగు పల్చబడినా ఫొటో తీసి ఆర్టిస్టుకు పంపి టచప్‌కి టైమ్ తీసుకోండి. ఫ్రీ అన్న గడువు చాలాచోట్ల రెండు మూడు నెలలే ఉంటుంది, అది దాటితే మళ్లీ మినిమం చార్జీ కట్టాల్సి వస్తుంది.